ఆ రాత్రి మీ అమ్మాయి అన్నం ఎందుకు తినలేదంటే...



ఈ పేజీలో ప్రతి నెలా చదువు అలవాట్ల గురించో, పరీక్షల ముందు నిద్ర గురించో, మొబైల్ వాడకం గురించో రాస్తుంటాం. ఈసారి ఒక సినిమా గురించి రాస్తున్నాను. అందుకు కారణం ఒక ఫోన్ కాల్.

పోయిన టర్మ్‌లో ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు పదో తరగతి అమ్మాయి ఒకరి తల్లిగారు నాకు ఫోన్ చేశారు. "మేడమ్, ఇవాళ స్కూల్లో ఏదో సినిమా చూపించారట. పిల్ల ఇంటికొచ్చినప్పటి నుంచి మాట్లాడట్లేదు. కంచం ముందు కూర్చుని ఏడుస్తోంది. ఎందుకే అంటే చెప్పదు. మేం ఫీజులు కట్టేది చదువు చెప్తారనా, పిల్లల్ని ఏడిపిస్తారనా?" అన్నారు.

నేను సారీ చెప్పాను. ఇంకేం చెప్పాలో ఆ క్షణాన తోచలేదు. ఆ సారీ గురించి చాలా రోజులు ఆలోచించాను. అందులో సగం ఇప్పటికీ చెప్పవలసిందే. మిగతా సగం వెనక్కి తీసుకోవాలనుకుంటున్నాను. ఏ సగం ఏదో చెప్పడానికే ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

"ఇది ఇంపార్టెంటా మేడమ్?"

పదో తరగతి సీబీఎస్ఈ ఇంగ్లిష్ పుస్తకంలో ఆన్ ఫ్రాంక్ డైరీ నుంచి తీసుకున్న పాఠం ఒకటి ఉంది. మీ పిల్లలు చదువుతుంటే మీరు వినే ఉంటారు. పదమూడో పుట్టినరోజుకి కానుకగా వచ్చిన డైరీలో ఆ అమ్మాయి తన స్కూలు గురించి, టీచర్ల గురించి రాసుకుంటుంది. క్లాసులో ఎక్కువ మాట్లాడుతోందని కీసింగ్ అనే లెక్కల మాస్టారు ఆమెకు వ్యాసాలు రాయమని శిక్ష వేస్తారు. ఆమె సరదాగా రాసి ఆయన్నే నవ్విస్తుంది. పాఠం అక్కడితో అయిపోతుంది.

"కీసింగ్ మాస్టారికి ఆన్ మీద ఎందుకు కోపం వచ్చింది?" అనేది ఆ పాఠంలో ఇంపార్టెంట్ ప్రశ్న. మా పిల్లలందరికీ దాని జవాబు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

పాఠం అయిపోయిన రోజు నేను పుస్తకం మూసి, ఆ తర్వాత ఆ అమ్మాయికి ఏమైందో చెప్పాను. రెండేళ్లకు పైగా ఒక భవనం వెనక భాగంలో దాక్కుని బతికిందని, పట్టుబడిందని, 1945లో బెర్గెన్ బెల్సెన్ నిర్బంధ శిబిరంలో చనిపోయిందని, అప్పటికి ఆమెకు పదిహేనేళ్లని చెప్పాను. క్లాసు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉంది. వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది. "మేడమ్, ఇది ఇంపార్టెంటా? నోట్స్‌లో రాసుకోవాలా?"

ఆ అబ్బాయిది తప్పనను. మేమే అలా అలవాటు చేశాం. రెండో ప్రపంచ యుద్ధం అంటే 1939 నుంచి 1945, అక్ష రాజ్యాలు, మిత్ర రాజ్యాలు, హిరోషిమా ఆగస్టు 6, నాగసాకి ఆగస్టు 9. అన్నీ బిట్లే. పదిహేనేళ్ల పిల్ల చావు గురించి పదిహేనేళ్ల పిల్లవాడు విని, పరీక్షలో వస్తుందా అని అడిగాడంటే, నేను చెప్పిన పాఠంలో ఏదో లోటుంది. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాక, బీఈడీ చదివేటప్పుడు హాస్టల్ గదిలో నా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో చూసిన ఒక జపాన్ యానిమేషన్ సినిమా గుర్తొచ్చింది. పేరు 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. మన భాషలో మిణుగురుల సమాధి అనొచ్చు.

నిడివి 89 నిమిషాలు. శనివారం చివరి రెండు పీరియడ్లు కలిపితే సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవడం కూడా రీడింగ్ ప్రాక్టీసే కదా అని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించాను.

ఒక అన్న, ఒక చెల్లి, ఒక చాక్లెట్ డబ్బా

చూడనివారి కోసం కథ చెప్తాను. చివర్లో ఏమవుతుందో చెప్పేస్తున్నానని అనుకోకండి. సినిమాయే దాన్ని మొదటి నిమిషాల్లో చెప్పేస్తుంది.

1945 సెప్టెంబరు 21. జపాన్‌లోని కోబే నగరంలో సన్నోమియా రైల్వే స్టేషన్. ఒక స్తంభానికి ఆనుకుని, బట్టలు చినిగిపోయి, ఎముకలు తేలిన ఒక అబ్బాయి కూర్చుని ఉంటాడు. పేరు సెయిటా, వయసు పద్నాలుగు. జనం పక్కనుంచి వెళ్లిపోతుంటారు. ఆ రాత్రి అతను చనిపోతాడు. స్టేషన్ ఊడ్చే మనిషి అతని దగ్గర దొరికిన చిన్న రేకు డబ్బాను బయట గడ్డిలోకి విసిరేస్తాడు. పళ్ల రుచుల చాక్లెట్ బిళ్లల డబ్బా అది. మూత ఊడి అందులోంచి చిన్న చిన్న ఎముకలు రాలతాయి. అవి అతని చెల్లెలు సెత్సుకోవి. ఆమెకు నాలుగేళ్లు. గడ్డిలోంచి మిణుగురులు లేస్తాయి. అక్కడి నుంచి కథ వెనక్కి వెళ్తుంది.

తండ్రి నౌకాదళంలో అధికారి. ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. అమెరికా బీ-29 విమానాలు నగరం మీద నిప్పు బాంబులు కురిపిస్తాయి. చాలా ఇళ్లు చెక్కవి కావడంతో పేటలకు పేటలే అంటుకుంటాయి. గుండె జబ్బున్న తల్లి ముందుగా వెళ్తుంది. సెయిటా చెల్లిని వీపున కట్టుకుని పరిగెడతాడు. ఇద్దరూ బతుకుతారు. తల్లి ఒళ్లంతా కాలిపోతుంది. ఆమెను పడుకోబెట్టింది ఎక్కడో తెలుసా? ఒక స్కూల్లో. మన పిల్లలు కూర్చునేలాంటి స్కూలే అప్పటికప్పుడు ఆసుపత్రి అయింది.

ఆ స్కూలు ఆవరణలో ఒక సన్నివేశం ఉంది. అమ్మ కావాలని సెత్సుకో నేల మీద కూర్చుని ఏడుస్తుంటుంది. అమ్మను ఏ స్థితిలో చూశాడో సెయిటా చెప్పలేడు. ఏం చెయ్యాలో తోచక గ్రౌండ్‌లో ఉన్న ఇనుప బార్ ఎక్కి గిరగిరా తిరుగుతాడు. చెల్లి నవ్వుతుందేమోనని. ఆమె తలెత్తి చూడదు. అతను తిరుగుతూనే ఉంటాడు. మా క్లాసులో మొదట ఏడ్చింది అక్కడే. ఏడ్చినవాళ్లలో అబ్బాయిలే ఎక్కువ.

తర్వాత బంధువు ఒకావిడ ఇంట్లో ఉంటారు. అత్త వరస అనుకోండి. అక్కడ ఇమడలేక బయటికొచ్చి చెరువు గట్టున తవ్విన పాత సొరంగంలో కాపురం పెడతారు. మొదటి రాత్రి చీకటికి భయపడుతుందని అన్న మిణుగురులను పట్టుకొచ్చి దోమతెరలో వదులుతాడు. తెల్లారేసరికి అన్నీ చచ్చిపడి ఉంటాయి. సెత్సుకో చిన్న గొయ్యి తవ్వి వాటిని పూడుస్తుంది. అమ్మను కూడా ఇలాగే పూడ్చారట కదా అని అప్పుడంటుంది. అన్న దాచిన సంగతి అత్త ఎప్పుడో చెప్పేసింది. ఇన్నాళ్లూ అతను చెల్లి కోసం దాస్తుంటే, ఆ నాలుగేళ్ల పిల్ల అన్న కోసం దాచింది.

బియ్యం అయిపోతాయి. చాక్లెట్ డబ్బా అయిపోతే అందులో నీళ్లు పోసి, అడుగున అంటుకున్న తీపి కలిపి తాగుతారు. సెయిటా పొలాల్లో దొంగతనం చేసి దెబ్బలు తింటాడు. సైరన్ మోగితే జనం దాక్కోవడానికి పరిగెడతారు. అతను మాత్రం ఖాళీ ఇళ్లలో దొరికింది ఎత్తుకు రావడానికి ఊళ్లోకి పరిగెడతాడు. డాక్టరు చూసి పోషకాహార లోపమని, బలమైన తిండి పెట్టాలని చెప్పి తర్వాతి రోగిని పిలుస్తాడు. ఆ తిండి ఎక్కడ దొరుకుతుందని సెయిటా అరుస్తాడు. ఎవరూ జవాబు చెప్పరు.

బ్యాంకులో అమ్మ దాచిన చివరి డబ్బు తీసుకోవడానికి వెళ్లినప్పుడు యుద్ధం అయిపోయిందని, జపాన్ లొంగిపోయిందని అతనికి తెలుస్తుంది. తిండి కొనుక్కుని తిరిగొచ్చేసరికి సెత్సుకో గోళీలు చప్పరిస్తుంటుంది, చాక్లెట్లనుకుని. మట్టితో చేసిన ముద్దలు అన్నకు పెట్టబోతుంది, అన్నమని చెప్పి. అతను పుచ్చకాయ ముక్క నోటికందిస్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

మీ అమ్మాయి ఆ రాత్రి అన్నం ఎందుకు తినలేకపోయిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆ కంచంలో ఆమెకు మట్టి ముద్దలు కనిపించి ఉంటాయి.

తీసినవారు, రాసినవారు

ఇదంతా కల్పనే కదా, బొమ్మల సినిమాయే కదా అని ఒక నాన్నగారు తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో అన్నారు. పూర్తిగా కల్పన కాదు.

దీనికి మూలం అకియుకి నోసాకా 1967లో రాసిన కథ. యుద్ధం నాటికి ఆయన వయసు కూడా పద్నాలుగే. కోబే మీద పడిన బాంబుల్లో ఇల్లు పోయింది. రెండేళ్లు కూడా నిండని చెల్లెలు ఆకలితో చనిపోయింది. సినిమాలో సెయిటా తన వాటా కూడా చెల్లికి పెడతాడు. తాను అంత మంచి అన్నను కాలేకపోయానని, ఆకలికి తట్టుకోలేక చెల్లి నోటి తిండి కూడా తానే తిన్నానని నోసాకా తర్వాత చెప్పుకున్నారు. ఆ కథ ఆయన చెల్లెలికి చెప్పుకున్న క్షమాపణ. తాను అలా ఉండి ఉంటే బాగుండేదని అనుకున్న అన్నను కాగితం మీద సృష్టించారు.

దర్శకుడు ఇసావో తకహతాకు 1945 జూన్‌లో తొమ్మిదేళ్లు. ఆ నెల 29న ఒకయామా నగరం మీద బాంబులు పడినప్పుడు రాత్రి బట్టలతోనే, చెప్పులు లేకుండా అక్కతో కలిసి మంటల్లో పరిగెత్తారు. సినిమాలో మంటలు అంత నిజంగా కనిపించడానికి కారణం అది. తీసిన మనిషి వాటిని చూశాడు.

ఈ సినిమా 1988 ఏప్రిల్ 16న జపాన్‌లో విడుదలైంది. అదే రోజు, అదే టికెట్టుకు, అదే థియేటర్లలో 'మై నైబర్ టోటోరో' అనే పిల్లల సినిమాను కూడా చూపించారు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ బొద్దు టోటోరో బొమ్మను బ్యాగుల మీదో పెన్సిల్ బాక్సుల మీదో చూసే ఉంటారు. ఒకే మధ్యాహ్నం తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని జపాన్ తల్లిదండ్రులు ఆ నవ్వునూ ఈ ఏడుపునూ రెండూ చూశారన్నమాట.

చెల్లిని చంపింది బాంబు కాదు

నేను ఈ సినిమా మొదటిసారి చూసినప్పుడు యుద్ధం ఎంత చెడ్డదో అనుకుని పడుకున్నాను. పిల్లలతో కలిసి రెండోసారి చూసినప్పుడు వేరే సంగతి కనిపించింది. సెత్సుకో మీద ఒక్క బాంబూ పడలేదు. ఆమె బాంబుల నుంచి తప్పించుకుంది. చుట్టూ మనుషులున్న ఊళ్లోనే ఆకలితో చనిపోయింది.

దీన్ని ఉత్త యుద్ధ వ్యతిరేక సినిమా అంటే తకహతా ఒప్పుకునేవారు కాదు. నాకిప్పుడు అర్థమైంది. బాంబు వేసినవాడు సినిమాలో ఎక్కడా కనిపించడు. కనిపించేవాళ్లంతా మనలాంటి మామూలు మనుషులు.

ఆ అత్తనే తీసుకోండి. ఆమె రాక్షసి కాదు. ఇద్దరు పిల్లల్ని ఇంట్లోకి రానిచ్చింది. పడుకోవడానికి చోటిచ్చింది. కానీ రోజులు గడిచేకొద్దీ లెక్కలు మొదలయ్యాయి. వాళ్ల అమ్మ పట్టుబట్టలు అమ్మి బియ్యం తెచ్చింది. ఆ బియ్యంలోంచే పనికి వెళ్లే తన కూతురికీ ఇంట్లో ఉన్న ఇంకో మనిషికీ అన్నం ముద్దలు కట్టి, ఈ పిల్లలకు నీళ్ల గంజి పోసింది. ఈ కుర్రాడు పనీ పాటా లేకుండా తిరుగుతున్నాడని రోజూ సాధింపు. ఆమె అన్న మాటల్లో చాలావరకు అబద్ధాలు కావు. అదే భయం వేసింది నాకు. ఆ గొంతు నేను ఎక్కడో విన్నాను.

ఎక్కడో కాదు, నా గొంతే అది.

ఒక సంవత్సరం నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. అమ్మా నాన్నా పని కోసం వేరే దేశంలో. చదువు కోసం బంధువుల ఇంట్లో ఉండేవాడు. రోజూ లేటు. డైరీ మీద సంతకం ఉండదు. యూనిఫాం ఇస్త్రీ ఉండదు. ఒకరోజు విసుగొచ్చి క్లాసందరి ముందూ "నీకు ఇంట్లో చెప్పేవాళ్లెవరూ లేరా?" అన్నాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. నిజంగానే ఎవరూ లేరని నాకు తర్వాత తట్టింది. ఆ ఏడాది చివర్లో టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. నేను అడగాల్సింది అడగలేదు. అనకూడనిది అన్నాను.

సినిమాలో ఇంకో సంగతి కూడా ఉంది. సెయిటా కూడా అడగడు. చెల్లి చిక్కిపోతున్నప్పుడు ఒక రైతు, మీ అత్త దగ్గరికి తిరిగి వెళ్లి క్షమాపణ అడుగు బాబూ అని సలహా ఇస్తాడు. సెయిటా తల వంచుకుని వచ్చేస్తాడు గానీ అత్త ఇంటికి వెళ్లడు. పద్నాలుగేళ్ల పౌరుషం. అమ్మలకూ నాన్నలకూ నేను చెప్పక్కర్లేదు, ఆ వయసు పిల్లలు మీ ఇంట్లోనే ఉన్నారు. తలుపేసుకుని కూర్చుంటారు గానీ నాకిది కావాలని అడగరు. ఆ వయసులో సాయం అడగడం అంటే ఓడిపోవడం. పెద్దవాళ్లే రెండోసారి తలుపు తట్టాలి. ఆ అత్త తట్టలేదు. నేనూ తట్టలేదు.

"ముందు బాంబులు వేసింది జపాన్ వాళ్లే కదా?"

సినిమా అయ్యాక క్లాసులో ఒక అమ్మాయి ఈ ప్రశ్న అడిగింది. మంచి ప్రశ్న. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది జపానే. అంతకు ముందు చైనాలో చేసిన దారుణాలూ చిన్నవి కావు. సినిమాలో సెయిటా కూడా నాన్న యుద్ధనౌకల గురించి గర్వంగా మాట్లాడతాడు, పగ తీర్చుకుంటారని చెప్తాడు. దర్శకుడు దాన్ని దాచలేదు.

నేను వాళ్లకు మన ఊరి సంగతి చెప్పాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన పిల్లల్లో చాలామందికి ఇది తెలియదు. బీచ్‌కి వెళ్లి ఐస్‌క్రీమ్ తింటారు గానీ ఆ ఆకాశంలోంచే ఒకప్పుడు బాంబులు పడ్డాయని తెలియదు. ఊరు ఖాళీ చేసి జనం పల్లెలకు పోయారు.

మాది విజయనగరం వైపు పల్లె. మా నాయనమ్మ తన అత్తగారు చెప్పగా విన్నది మాకు చెప్పేది. పట్నం నుంచి మూటలతో చుట్టాలు దిగారట. పిల్లా జెల్లా అందరూ కలిసి ఒకే ఇంట్లో. మొదటి వారం కోళ్లు కోశారట. రెండో వారం చారూ పచ్చడీ. మూడో వారం నుంచి కిరసనాయిలు ఎవరి దీపానికి ఎంత పోస్తున్నారో చూడటం మొదలైందట. ఒక పూట ఒక చుట్టాలబ్బాయి రెండోసారి అన్నం అడిగితే, ఇంకెన్నాళ్లుంటారర్రా అని ఆవిడ నోరు జారిందట. వాళ్లు మర్నాడే బండి కట్టించుకుని వెళ్లిపోయారు. ఆ ఇంటికి మళ్లీ రాలేదు. చనిపోయేదాకా ఆవిడ ఆ మాట తలుచుకునేదని మా నాయనమ్మ చెప్పేది.

మా ఊళ్లో బాంబు పడలేదు. ఎవరూ చనిపోలేదు. అయినా యుద్ధం మా వంటింటిదాకా వచ్చి ఒక చుట్టరికాన్ని తెంపుకుని పోయింది.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. ఎవరు మొదలుపెట్టారన్నది చరిత్ర పాఠం, అది తప్పక చదవాలి. కానీ సెత్సుకోకు నాలుగేళ్లు. విశాఖలో బాంబుల మోతకు ఉలిక్కిపడి ఏడ్చిన పసివాళ్లకూ అంతే వయసుండొచ్చు. ఆ పిల్లల మీద ఏ లెక్కా పడకూడదు.

పిల్లలకు ఇంత బాధ అవసరమా?

ఫోన్ చేసిన అమ్మగారి అసలు ప్రశ్న ఇదే. ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఇలాంటి సినిమా చూపించే ముందు మీకు చెప్పాలి. వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది. పైగా శనివారం చివరి పీరియడ్లో చూపించి, బెల్ కొట్టగానే పిల్లల్ని బస్సెక్కించి పంపేశాను. కళ్లు తుడుచుకునే టైమ్ కూడా ఇవ్వలేదు. ఆ బరువును ఏ కబురూ లేకుండా మీ ఇంటికి పంపాను. దానికి సారీ. అది వెనక్కి తీసుకోను.

కానీ చూపించినందుకు సారీ చెప్పను. ఎందుకంటే పిల్లలు యుద్ధాన్ని ఎలాగూ చూస్తూనే ఉన్నారు. 2025 మే నెల గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లో, విశాఖలో మాక్ డ్రిల్స్ జరిగాయి. టీవీ పెడితే సైరన్ల మోత. చివరికి మామూలు కార్యక్రమాల్లో ఆ సైరన్ శబ్దాలు వాడొద్దని కేంద్రం ఛానెళ్లకు చెప్పాల్సి వచ్చింది. వినగా వినగా అసలు ప్రమాదం వచ్చినప్పుడు కూడా జనం పట్టించుకోరని. ఆ సెలవుల తర్వాత స్కూలు తెరిచాక మా పిల్లలు మిస్సైళ్ల పేర్లు, వాటి దూరాలు గడగడా చెప్పారు. క్రికెట్ స్కోరులాగా. అటూ ఇటూ సరిహద్దు పల్లెల్లో ఇళ్లు వదిలి వెళ్లినవాళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. సాయంత్రం ఫోన్‌లో ఆడే గేముల్లో మనిషి చచ్చిపోతే మళ్లీ స్టార్ట్ నొక్కితే లేస్తాడు. సెత్సుకో లేవలేదు. మన పిల్లలు చూసే యుద్ధాల్లో బహుశా ఆమె ఒక్కతే లేవలేదు.

సైనికుల మీద గౌరవం తగ్గించాలని నేను రాయడం లేదు. 2020లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట వారు. ఆయన విగ్రహం ముందు సెల్ఫీ తీసుకున్న పిల్లవాడికి, ఆయన ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు నాన్న లేకుండా పెరుగుతున్నారని కూడా తెలిస్తే ఆ నమస్కారం ఇంకా నిజమైనదవుతుంది. తెలియకపోతే అదీ ఒక బిట్టు ప్రశ్నగానే మిగులుతుంది.

పరాయి పిల్ల ఆకలికి ఏడ్చిన పిల్లను చూసి మనం భయపడనక్కర్లేదు. ఏడవనిదాన్ని చూసి కొంచెం ఆలోచించాలేమో.

మీరు చూడాలనుకుంటే

నా అనుభవంతో నాలుగు మాటలు చెప్తాను.

పదమూడేళ్లలోపు పిల్లలకు వద్దు. బొమ్మల సినిమా కదా అని చిన్నవాళ్లను కూర్చోబెట్టకండి. తల్లి కాలిన గాయాలు, చనిపోయినవాళ్లు తెర మీద కనిపిస్తారు. ఈ మధ్యే ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే ఆ పిల్లలకు ఇప్పుడే చూపించకండి.

ముందు మీరు ఒక్కరే చూడండి. తర్వాత పిల్లలతో కలిసి చూడండి. ఫోన్ చూసుకుంటూ పక్కన కూర్చోవడం కలిసి చూడటం కాదు. మీకు ఏడుపొస్తే లేచి వంటింట్లోకి వెళ్లకండి, ముఖ్యంగా నాన్నలు. నాన్న కూడా ఏడుస్తాడని తెలిసిన పిల్లవాడు తన కష్టం దాచుకోడు.

రాత్రి పొద్దుపోయాక వద్దు. ఆదివారం పొద్దున చూడండి. చూశాక పిల్లలకు కాస్త సమయం ఇవ్వండి. వెంటనే ప్రశ్నలు అడగకండి. నీతి చెప్పకండి. దయచేసి "చూశావా, ఆ పిల్లకు తిండి లేదు, నువ్వేమో అన్నం పారేస్తావు" అనకండి. సెత్సుకో చనిపోయింది మన పిల్లల చేత కాకరకాయ కూర తినిపించడానికి కాదు.

చివరగా, మీ ఇంట్లో చదువు కోసం వచ్చి ఉంటున్న చుట్టాల పిల్లలు ఎవరైనా ఉంటే, వాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మా క్లాసుల్లో అలాంటి పిల్లలు ఎంతోమంది ఉన్నారు. చాలామందిని మీరు సొంత పిల్లల్లాగే చూస్తున్నారు, నాకు తెలుసు. రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడే పిల్లలు కూడా ఉంటారు. వాళ్లు అడగరు. మనమే వడ్డించాలి.

ఫోన్ చేసిన అమ్మగారూ, ఇది చదువుతున్నారని అనుకుంటున్నాను. ఆ సోమవారం మీ అమ్మాయి క్లాసుకి వచ్చింది. మామూలుగానే ఉంది. లంచ్ బ్రేక్‌లో నేను కారిడార్‌లోంచి వెళ్తుంటే, ఆ వారమే కొత్తగా చేరి ఒక్కతే కూర్చుని తింటున్న అమ్మాయి పక్కకి తన బాక్సు తీసుకుని జరిగింది. సినిమా చూసినందుకే జరిగిందని నేను చెప్పలేను. ఆమె స్వభావమే అంతేమో, అది మీ పెంపకమేమో. ఆ రాత్రి మీకు ఈ సంగతి చెప్పే వీలు లేదు. అందుకే ఇప్పుడు చెప్తున్నాను.

వచ్చే టర్మ్‌లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మళ్లీ ఈ సినిమా చూపించాలనుకుంటున్నాను. ఈసారి వారం ముందే డైరీలో రాసి పంపుతాను. వద్దనుకుంటే వద్దని రాసి సంతకం చేయండి, ఆ పిల్లలు ఆ సమయంలో లైబ్రరీలో చదువుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. సరేనంటే మీకు కూడా ఆహ్వానం. శనివారం మధ్యాహ్నం వచ్చి వెనక బెంచీల్లో కూర్చోండి. సినిమా అయ్యాక బెల్ కొట్టినా బస్సు పావుగంట ఆగుతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ గారితో ముందే మాట్లాడాను.


మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్